ఓడాయన చూడని ఓడ

మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. ఉత్తరాలు తెచ్చే మనిషి సైతం కవరు మీది పేరు చదివి ఒక్క క్షణం తడబడి, "ఓ, ఓడాయనకా!" అనుకుని ఆ గుమ్మం వైపు నడుస్తాడు. ఇరవై రెండేళ్ళు విలాస నౌకల్లో ఉద్యోగం చేసి, ఆరేళ్ళ క్రితం ఇల్లు చేరిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఏ గుడ్డ చేతికి దొరికినా, అది చెయ్యి తుడుచుకునే పాత తువ్వాలైనా సరే, నాలుగు మూలలూ కలిపి మడిస్తే గాని కింద పెట్టడు.

మాది వాళ్ళ పక్కవాటా. ఆయన్ని బాబాయి అంటాను, ఆవిణ్ణి పిన్ని అంటాను. చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో ఉన్న ఒక్క గోడ తప్ప. ఇక్కడ రాస్తున్నదాంట్లో నేను కళ్ళారా చూసింది కొంత. మిగతాది సగం బాబాయి చెప్పాడు, సగం పిన్ని చెప్పింది. ఇద్దరూ కలిసి చెప్పింది మాత్రం ఒక్క ముక్క కూడా లేదు.

బాబాయి ఓడలో ఏం చేసేవాడో ముందు చెప్పాలి. ఎందుకంటే పిన్నికి అది చాలాకాలం తెలియదు.

ఓడలో నీటిమట్టానికి కింద ఒక పొడవాటి గది ఉంటుందట. కిటికీ ఉండదు. ఒక గోడ వారగా ఉతికే యంత్రాలు, ఇంకో గోడ వారగా ఆరబెట్టేవి, మధ్యలో మంచమంత వెడల్పున్న ఇస్త్రీ రోలర్ మిషన్. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని, ముడత లేకుండా లాగి, కాలుతున్న ఆ రోలర్ల మధ్యకి అందించాలి. అవతలి వైపు అది పొగలు కక్కుతూ వస్తుంది. దాన్ని మడవాలి, మళ్ళీ ఇటు వచ్చి ఇంకోటి అందించాలి. రోజుకి మూడు వేల దుప్పట్లు. బాబాయి చేతివేళ్ళ కొసలు ఇప్పటికీ నున్నగా మెరుస్తుంటాయి. వేలిగీతలు ఎప్పుడో కాలిపోయాయి.

కింద పనిచేసేవాళ్ళు ప్రయాణికులుండే అంతస్తుల్లోకి అడుగు పెట్టకూడదు. ఇనప తలుపు మీద ఎర్ర గీత ఉంటుంది, అది దాటితే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ళలో బాబాయి ఆ గీత ఒక్కసారీ దాటలేదు. పొద్దేదో మాపేదో గుడ్డల్ని బట్టే తెలిసేదట. స్నానాల గదుల తువ్వాళ్ళు వస్తే పొద్దున్న. ఉప్పు వాసన, నూనె మరకలు ఉన్న ఈతకొలను తువ్వాళ్ళొస్తే మధ్యాహ్నం. బల్లగుడ్డలు దిగాయంటే పైన భోజనాలు అయిపోయినట్టు.

ఆ గుడ్డల్లోనే ఆయన పై అంతస్తుల్ని చదువుకునేవాడు. "బల్లగుడ్డ మీద ఒక మూల మైనం బొట్లు, పక్కన చాక్లెట్ కేకు మరక ఉందనుకో, అక్కడ ఎవరిదో పుట్టినరోజు అయినట్టు. చేతిరుమాలు పిండినట్టు నలిగి, అంచున పెదాల రంగుంటే ఒకావిడ ఏడ్చినట్టు. చేపముల్లు గుచ్చుకుని వస్తే వంటవాడికి ఆరోజు తిట్లు పడ్డట్టు," అని చెప్పేటప్పుడు ఆయన ముఖంలో అచ్చం పుస్తకాలు చదివేవాడి వెలుగు కనబడేది.

చదివింది పదిహేను రోజులకోసారి ఇంటికి రాసేవాడు. అయితే గుడ్డలు చూసి అనుకున్నానని రాయలేదు. కళ్ళతో చూశానని రాశాడు. తనది 'లినెన్ ఇన్‌చార్జి' ఉద్యోగమనీ, గుడ్డల అజమాయిషీకి పై అంతస్తులన్నీ తిరుగుతుంటాననీ రాశాడు. నిన్న మా హాల్లో ఒక ముసలి దంపతులు పెళ్ళిరోజు చేసుకున్నారు, పియానో వాయించారు, నన్నూ ఒక కేకు ముక్క తినమన్నారు, అని రాశాడు.

వాటన్నిటిలోకీ గొప్పది ఆకుపచ్చ హాలు. పద్నాలుగేళ్ళు పనిచేసిన ఓడలో రోజూ ఒక మూట ఆకుపచ్చ గుడ్డలు విడిగా దిగేవి. మందంగా, మెత్తగా ఉండేవి. వాటి మీద కూర మరకలుండవు. కాఫీ కప్పు అడుగున పడే గుండ్రటి మచ్చ ఉండేది, అప్పుడప్పుడు కాస్త చుట్ట బూడిద ఉండేది. ఇవి తిండి బల్లలవి కావు, పెద్దమనుషులు చడీచప్పుడూ లేకుండా కూర్చునే చోటివి అని బాబాయి నిర్ణయించుకున్నాడు. గుడ్డలు ఆకుపచ్చవైతే తెరలూ ఆకుపచ్చవే అయివుంటాయి. తెరలు అలా ఉంటే గోడలూ అంతే. ఒక్కో ఉత్తరంలో ఒక్కో వస్తువు చేరింది. ఆకుపచ్చ గాజు దీపాలొచ్చాయి. చివరకు నేల దాకా దిగే కిటికీలు, వాటి బయట అదే రంగు సముద్రం కూడా వచ్చాయి.

ఇక్కడ రెండు గదుల ఇంట్లో ఆ ఉత్తరాలు చదివేది పిన్ని. వినేది అప్పటికి బతికున్న, మంచం పట్టిన అత్తగారు. విని, కిటికీలోంచి పోయేవాళ్ళని పిలిచి మరీ, "మావాడు ఆకుపచ్చ హాల్లో..." అని మొదలుపెట్టేది. ఓడాయన అన్న పేరు అలా పుట్టింది.

ఏళ్ళుగా ఇంట్లోనే ఉన్న మనిషికి, పోయిన ఏడాది కంపెనీ నుంచి దళసరి కవరు వచ్చింది. పాత ఉద్యోగులకి సగం ధరకే ఒక విహారయాత్ర. ఉద్యోగి వెళ్ళొచ్చు, లేదా ఆయన భార్య వెళ్ళొచ్చు, తోడు ఇంకొకరు. కంపెనీకున్న నాలుగు ఓడల్లో ఏదైనా ఎంచుకోవచ్చు, నెలాఖరులోగా బుక్ చేసుకోవాలి. కవర్లో నాలుగు రంగుల పుస్తకాలు కూడా ఉన్నాయి, ఓడకొకటి.

పిన్ని ఆ పుస్తకాలు నాకు చూపించడానికి పరుగున వచ్చింది. ఆవిడ పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం.

మర్నాటికల్లా పాత కేలండరు కాగితం వెనక స్కేలు పెట్టి గళ్ళు గీసింది. అడ్డంగా నాలుగు ఓడలు. వాటి పేర్లు నోరు తిరగవని బాబాయి వాళ్ళు పిలుచుకునే పేర్లే రాసుకుంది: పెద్దది, తెల్లది, కొత్తది, ముసలిది. నిలువుగా గది, కిటికీ, తిండి, హాళ్ళు, నాటకశాల, ఈతకొలను, మెట్లు. మెట్లు ఎందుకంటే ఆవిడకి మోకాళ్ళ నొప్పి. చివరి గడిలో 'ఆయన మాట' అని రాసుకుంది.

వారం రోజులు ఆ గడి నిండలేదు.

"ఏమండీ, పెద్దదాంట్లో పదకొండు భోజనశాలలట!"

"ఎన్నుంటే ఏం, అన్నిటికీ వంటిల్లు ఒక్కటే. అసలు దాని వణుకు సంగతి తెలుసా నీకు? ఇంజను ఊపు అయిదో అంతస్తు దాకా వస్తుంది. గ్లాసులో నీళ్ళు నిలవవు."

"మరి దాంట్లో మూడేళ్ళు చేశారుగా, ఒక్క ఉత్తరంలోనూ వణుకు మాట రాయలేదే?"

"నువ్వు భయపడతావని."

"పోనీ తెల్లది? గదులు ఎంత ముచ్చటగా ఉన్నాయో."

"అది మరీ నిశ్శబ్దం. పక్కగదిలో తుమ్మినా వినబడదు. నీకేం తోస్తుంది?"

"వినబడకపోతే మంచిదేగా! ఇక్కడ మీ గురకతో వేగుతున్నా."

"కొత్తదాని సంగతి నాకు తెలీదు. నేను పనిచేయని ఓడ ఎక్కించి, తర్వాత నీ చేత మాటలు పడలేను."

పిన్ని పెన్సిలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "చూశావా అమ్మా! మా అమ్మాయికి సంబంధాలు చూసినప్పుడు కూడా ఈయన ఇన్ని వంకలు పెట్టలేదు."

ఆరోజు సాయంత్రం మేడమీద బట్టలు తీస్తున్నప్పుడు బాబాయి నా దగ్గరకొచ్చాడు. నా చేతిలో దుప్పటి రెండో కొస తనంతట తానే పట్టుకున్నాడు. ఇద్దరం మడుస్తుండగా, ఎటో చూస్తూ అసలు విషయం చెప్పాడు. ఎర్ర గీత సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"పైకెళ్ళే మెట్లు ఎటున్నాయో కూడా నాకు తెలీదమ్మా. ఓడెక్కగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఏదండీ మీ హాలు, అంటుంది. ఎటు తీసుకెళ్ళను? ఇన్నేళ్ళు తిరిగానన్నవాణ్ణి, దారి ఎవర్ని అడగను?"

"ఇప్పుడైనా చెప్పేయొచ్చుగా బాబాయ్. పిన్ని ఏమనుకుంటుంది? నవ్వుతుంది."

"నవ్వితే?" అన్నాడు. ఆయన భయం తిట్టడం గురించి కాదని అప్పుడు అర్థమైంది. భార్య కళ్ళలో ఆయన పై అంతస్తు మనిషి. ఆ ఒక్క చోటే ఆయన పై అంతస్తులో ఉన్నాడు. అక్కడి నుంచి దిగడం ఆయనకి ఇష్టం లేదు. "నెలాఖరు దాటిపోతే చాలు. గడువైపోయింది, ఏం చేస్తాం, అంటాను. ఇంకా పదకొండు రోజులే."

కానీ పిన్ని గడువు దాటనిచ్చే మనిషి కాదు. మర్నాడు ప్లాస్టిక్ సంచీలోంచి ఉత్తరాలు తీసింది. పుస్తకంలో బొమ్మ, పక్కన ఉత్తరం, రెంటినీ సరిపోలుస్తూ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కళ్ళజోడు ముక్కు కొసకి జారినా ఎత్తుకోలేదు.

"మీరు ఆకుపచ్చ హాలని రాసింది ముసలిదాంట్లోనే కదా?"

"ఆఁ... దాంట్లోనే."

"మరి ఇందులో ఏ హాలు చూసినా తెలుపూ బంగారమూనే ఉందేం?"

"రంగులు మార్చుంటారు. ఏళ్ళయింది కదా."

"గోడలు మార్చినా నేల దాకా కిటికీలు ఎక్కడికి పోతాయండీ? ఇక్కడ ఒక్క హాలుకీ అలాంటివి లేవు."

"ఫోటో తీసినవాడు అటు తీయలేదేమో."

ఆవిడకి అనుమానం లేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆవిడ గొంతులో ఉన్నదల్లా కంగారు, ఇన్నాళ్ళు అనుకున్న చోటు కూలగొట్టేశారేమోనని. పట్టిక తీసి ముసలిదాని గడి చుట్టూ గట్టిగా సున్నా చుట్టింది. "ముసలిదానికే వెళ్దాం. మీరు చూసింది నేను చూడాలి. నా కోరిక అదొక్కటే. హాలు ఉందో లేదో రేపు ఆఫీసుకెళ్ళి అడుగుదాం. నువ్వూ రామ్మా, సన్న అక్షరాలు నాకు కనబడవు."

బుకింగ్ ఆఫీసు బజారులో మందుల దుకాణం పైన ఉంది. ఇరుకు గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఓడ బొమ్మ. కౌంటరులో యాభై దాటిన ఆవిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మాట చాలా కలుపుగోలు. ముసలిదాని పేరు వినగానే ఆవిడ ముఖం విప్పారింది.

"అయ్యో, నా ఓడ! తొమ్మిదేళ్ళు దాని రిసెప్షన్‌లో నిలబడ్డాను. నా మోకాళ్ళు రెండూ అక్కడే వదిలొచ్చాను."

"అయితే మా ఆయన మీకు తెలిసే ఉండాలి!" అంది పిన్ని. ఆ మాట అంటూ కుర్చీ ముందుకి జరుపుకుంది. "అదే ఓడలో పద్నాలుగేళ్ళు. పై అంతస్తుల్లోనే ఎప్పుడూ."

కౌంటరావిడ బాబాయిని పరీక్షగా చూసింది. "ఎక్కడా చూసిన గుర్తు లేదే. ఏ విభాగం సార్?"

బాబాయి దగ్గాడు. కౌంటరుకి గొలుసుతో కట్టిన పెన్ను తీసి అటూ ఇటూ తిప్పాడు. కంపెనీ ఉత్తరం కవర్లోనే ఉంది, ఉద్యోగం వివరాలు పిన్ని కళ్ళకి ఆనని సన్న అక్షరాల్లో. బాబాయి చెయ్యి అందుకోబోయే లోపే పిన్ని దాన్ని కౌంటరు మీదకి తోసింది, ఇదిగో చూడండి అన్నట్టు.

కౌంటరావిడ గట్టిగా చదివింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. ఫారం నింపడానికి ఎవరైనా అలాగే చదువుతారు. "లాండ్రీ విభాగం. రోలర్ మిషన్ ఆపరేటర్. ఇరవై రెండేళ్ళు. ఓ... కిందవాళ్ళా! అందుకే చూడలేదు. కిందవాళ్ళకి పైకి రావడానికి పర్మిషన్ ఉండదు కదండీ. తొమ్మిదేళ్ళలో ఇద్దర్నో ముగ్గుర్నో చూసుంటాను, అదీ రేవులో. చాలా కష్టం సార్ మీ పని. మేం తెల్లటి దుప్పట్ల మీద పడుకునేవాళ్ళం, ఎవరు ఉతికారో ఎప్పుడూ అనుకోలేదు."

పిన్ని చాలా మామూలుగా, ఇంటి దగ్గర కూరల ధర అడిగినట్టు అడిగింది.

"ఆ ఓడలో ఆకుపచ్చ హాలని ఒకటుంటుందా అండీ?"

"హాలా? లేదే." కౌంటరావిడ నుదురు రుద్దుకుని గుర్తు చేసుకుంది. "ఆకుపచ్చవంటే... ఆఁ, పేకాట బల్లలు! ఎనిమిదో అంతస్తులో లిఫ్టు పక్కన నాలుగు బల్లలుండేవి. వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు పరిచేవాళ్ళం. లిఫ్టు కోసం నిలబడి కాళ్ళు నొప్పిపుట్టినవాళ్ళు కూర్చునేవారు. దాన్నేమన్నా హాలన్నారేమో ఎవరైనా."

బాబాయి వైపు చూశాను. పద్నాలుగేళ్ళు మనసులో కట్టుకున్న హాలు ఆయనకీ అప్పుడే కూలింది. అబద్ధమాడుతున్నానని ఆయనకి తెలుసు, కానీ హాలు అనేది ఒకటుందనే ఆయన నమ్మకం. చూశాననడమొక్కటే అబద్ధమనుకున్నాడు.

"రేపొస్తామండీ," అని పిన్ని లేచింది.

బస్సులో ఆవిడ డ్రైవరు వెనక ఉన్న ఒంటి సీట్లో కూర్చుంది. ఇంటి గుమ్మం దగ్గర నేను మా వాటాలోకి పోబోతే ఆపింది. "నువ్వూ రామ్మా. ఆ ఉత్తరాలు వీధి వీధంతా విన్నది. ఇది ఒక్కరైనా వినాలి."

లోపలికెళ్ళాక బాబాయే ముందు నోరు విప్పాడు. "నిన్ను సంతోషపెడదామని రాశాను."

"సంతోషమా?" అంది పిన్ని. గొంతు పెంచలేదు. చెప్పులు కూడా విప్పలేదు. "ఆరేళ్ళు మీ అమ్మ మంచం మీదే అన్నీ. రోజుకి నాలుగు దుప్పట్లు. ఆ పెరటి రాయి దగ్గర గొంతుక్కూర్చుని, వాషింగ్ సోడా వేసి ఉతికేదాన్ని. చేతులు నానిపోయి తోలు ఊడొచ్చేది. ఆ చేతుల్తోనే మీ ఉత్తరం విప్పి పైకి చదివేదాన్ని. పియానో అట. కేకు అట. మీ అమ్మ మురిసిపోయేది. నేను ఏమనుకునేదాన్నో తెలుసా?"

బాబాయి తన చేతివేళ్ళ కొసల్ని చూసుకున్నాడు.

"ఈ మనిషి దీపాల కింద తిరుగుతున్నాడు, నన్ను ఈ కంపులో పడేశాడు, అనుకునేదాన్ని. తిట్టుకునేదాన్ని. మీరు సెలవుకొచ్చినప్పుడు మీ పక్కన పడుకుని కూడా తిట్టుకునేదాన్ని. మీరొచ్చిన రెండు నెలలూ నేను సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు, గుర్తుందా? అలిసిపోయి అలా ఉందనుకున్నారు మీరు. అలసట కాదండీ, కుళ్ళు. కట్టుకున్న మొగుడి మీద కుళ్ళు."

"నాకేం తెలుసే..."

"ఎలా తెలుస్తుంది? నాకూ తెలీదు కదా మీరు అక్కడ అదే పని చేస్తున్నారని. చేతులు కాలాయి అని ఒక్క ఉత్తరంలో ఒక్క ముక్క రాసుంటే! మా ఆయనా నాలాగే దుప్పట్లతో చస్తున్నాడనుకుని, నేను... నాకు తోడుండేది. ఇరవై రెండేళ్ళు నాకు తోడు లేకుండా చేశారు."

"ఉతికేవాడు నా మొగుడని నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని," అన్నాడు బాబాయి.

"నేను ఉతికేదాన్నే కదండీ," అంది పిన్ని.

ఆవిడ అప్పుడు చెప్పులు విప్పి, మూల పెట్టి, నా వైపు చూడకుండానే చెప్పింది. "అందుకేనమ్మా ఆ ఓడే ఎక్కాలనుకున్నది. సరదాకి కాదు. ఆ హాల్లో ఒక్క పూట కూర్చుని, సరే, నేనూ కూర్చున్నాను, అనుకుని ఈ మంట ఆర్పేసుకుందామనుకున్నా. ఇప్పుడు కూర్చోడానికి ఆ చోటు కూడా లేదు."

నాలుగు రోజులు గోడ అవతల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అన్నం వడ్డించేదట, మంచినీళ్ళు పెట్టేదట, మందుబిళ్ళ తీసి చేతిలో పెట్టేదట. మాట మాత్రం లేదు. బాబాయి గడప మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని చూస్తుండేవాడు. ఎవరైనా, "ఏం ఓడాయనా, ప్రయాణం ఎప్పుడు?" అంటే లేచి లోపలికి పోయేవాడు.

అయిదో రోజు మధ్యాహ్నం పిన్ని పట్టిక తీసి బల్ల మీద పరిచింది. ముసలిదాని చుట్టూ ఉన్న సున్నాని రబ్బరుతో తుడిచేసింది. బాబాయిని పిలిచింది. తర్వాత జరిగింది ఆయనే నాకు చెప్పాడు, రెండు మూడు సార్లు చెప్పాడు.

"ఇప్పుడు చెప్పండి. ఈసారి నిజం చెప్పండి. నాలుగింట్లో ఏ ఓడ మంచిది?"

ఆ ప్రశ్నతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కోపం పోయిందనుకున్నాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గంటసేపు మాట్లాడాడు. పెళ్ళయినప్పట్నించీ ఆవిడతో అంతసేపు ఒక్కబిగిన ఎప్పుడూ మాట్లాడలేదట.

"తెల్లది. కళ్ళు మూసుకుని తెల్లది ఎక్కొచ్చు. దాంట్లో అయిదేళ్ళు చేశాను. తువ్వాలు కాస్త చిరిగినా పక్కన పారేస్తారు, కుట్టి మళ్ళీ పైకి పంపరు. అలాంటి ఓడ తిండి దగ్గరా కక్కుర్తి పడదు. బల్లగుడ్డల మీద వాంతి మరకలు తెల్లదాంట్లో తక్కువ, ఊపు లేదన్నమాట. ముసలిదాంట్లో తుఫానులేని రోజు కూడా మూటలు మూటలు దిగేవి. పెద్దదాంట్లో నీళ్ళకి ఇనుము వాసన, గుడ్డ మూడు ఉతుకులకే పసుపెక్కుతుంది; అదే నీళ్ళతో స్నానం చేయాలి. కొత్తదాని సంగతి నిజంగానే తెలీదు. తెల్లదాంట్లో గది మధ్యభాగంలో తీసుకో, మరీ పైన వద్దు, పైనున్న గదులే ఎక్కువ ఊగుతాయి. చివర్న వద్దు, అక్కడ మా తోపుడుబండ్ల లిఫ్టు ఆగుతుంది, పొద్దస్తమానం గడగడలాడుతుంది. మోకాళ్ళ నొప్పి కదా, భోజనశాల ఉన్న అంతస్తులోనే గది అడుగు."

పిన్ని ఒక్కో మాటా ఆయా గళ్ళలో రాసుకుంది. ఎక్కడైనా అర్థం కాకపోతే మళ్ళీ అడిగింది. 'ఆయన మాట' గడి పట్టక కాగితం అంచుదాకా పాకింది. రాయడమయ్యాక పెన్సిలు కాగితం మీద పెట్టింది.

"ఇలా మాట్లాడతారని నాకు తెలీదు," అంది.

"మరి రెండు టిక్కెట్లకి రేపే..."

"చెల్లిని అడిగాను, వస్తానంది. నేనూ చెల్లీ వెళ్తాం. తోడుగా ఇంకొకరు అని ఉంది కదా. మీ సంతకం ఒకటి కావాలి, ఇక్కడ."

బాబాయి ఆవిడ వేలు పెట్టిన చోట సంతకం చేశాడు. "చెయ్యనని అనాల్సింది కదా బాబాయ్," అన్నాను నేను, ఆయన ఇది చెప్పినప్పుడు. "ఏ ముఖం పెట్టుకుని?" అన్నాడు.

ప్రయాణం పన్నెండు రోజులు. వెళ్ళే ముందు పిన్ని ఇంట్లో ఏది ఎక్కడుందో అన్నీ చూపించింది. బియ్యం డబ్బా, మందుబిళ్ళలు, గ్యాసు ఎలా కట్టాలో. ఆయన తల ఊపాడు. పెట్టె మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. చెల్లెలు ఏదో జోకు వేసింది, పిన్ని నవ్వింది. ఆటో కదిలాక వాళ్ళ గుమ్మంలో నిలబడి, "నేను ఇలాగే వెళ్ళేవాణ్ణి, ఆవిడ ఇక్కడే నిలబడేది," అన్నాడు బాబాయి, ఎవరితోనూ కాదు.

మూడో రోజు ఫోను వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. బాబాయికి సరిగ్గా వినబడదు, అందుకని ఫోను బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కి, దాని మీదికి వంగి మాట్లాడతాడు. పిన్ని గొంతు గాలిలో తేలుతూ వచ్చింది. బిళ్ళలు వేసుకుంటున్నారా, కుళాయి వాషరు మార్పించారా అని అడిగింది.

"మార్పించా. నువ్వెలా ఉన్నావే? గది బాగుందా? ఊపుందా?"

"బాగుంది. ఊపు లేదు. మీరు చెప్పినట్టే ఉంది."

"మరి... ఎలా ఉంది? సముద్రం?"

"సముద్రంలాగే ఉంది," అంది. "ఉంటానండీ, చెల్లి పిలుస్తోంది."

పన్నెండో రోజున వచ్చింది. ఎండకి కాస్త నల్లబడింది, నడక చురుగ్గా ఉంది. నాకొక చిన్న గవ్వల గొలుసు తెచ్చింది. మర్నాడు మా వంటింట్లో పీట వేసుకుని గంటన్నర చెప్పింది. వాన సముద్రం మీద దూరంనించి గోడలా నడిచొస్తుందట. పొద్దున్నే పై అంతస్తులో ఒంటరిగా కూర్చుంటే ఒక పిల్ల వచ్చి నీ పేరేంటి అనడిగిందట. రోజూ గది సర్దే మనిషిని నిలబెట్టి, మీ దుప్పట్లు ఎవరు ఉతుకుతారమ్మా అని అడిగితే, ఆ పనమ్మాయి మొదట భయపడిపోయిందట, ఈవిడ ఫిర్యాదు చేస్తుందేమోనని. తర్వాత ఇంకోటి చెప్పింది. ఇంత బాగా చెప్పగలిగే మనిషని నాకు తెలీదు.

"ఇవన్నీ బాబాయికి చెప్పావా పిన్నీ?"

కొంగుతో నా చపాతీ పీట మీది పిండి తుడిచింది. "చెప్పొచ్చు," అంది. "చెబుతాలే ఎప్పుడైనా."

ఏడు నెలలైంది. చెప్పలేదు. వాళ్ళు మాట్లాడుకుంటారు, మాట్లాడుకోరని కాదు. కరెంటు పోయిందనీ, పాలు విరిగాయనీ, కూతురు ఫోను చేసిందనీ మాట్లాడుకుంటారు. సాయంత్రం బాబాయి టీవీ ముందు కూర్చుంటాడు. చెవుడు కనక గట్టిగా పెట్టుకుంటాడు, మా ఇంట్లోకి వార్తలన్నీ వినిపిస్తాయి. వంటింట్లోంచి పిన్ని, "ఏమండీ," అంటుంది. వెంటనే టీవీ గొంతు పడిపోతుంది. నేను గోడ ఇవతల చేస్తున్న పని ఆపి నిలబడతాను.

"రేపు చెత్తబండి రాదట," అంటుంది పిన్ని.

"సరే," అంటాడు బాబాయి. ఇంకేమైనా ఉందేమోనని కొంచెంసేపు అలాగే ఉంచి, టీవీ మళ్ళీ గట్టిగా పెట్టుకుంటాడు.